ఉదయం మ్యూనిక్, మధ్యాహ్నం సాల్జ్‌బర్గ్, రాత్రికి ఇల్లు

పరాయి దేశంలో మన కాపురం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అక్కా, నమస్తే. మేం మూడేళ్లుగా మ్యూనిక్‌లో ఉంటున్నాం. మా అత్తయ్య, మామయ్య కాకినాడ నుంచి వచ్చి రెండు వారాలైంది. వాళ్లను ఒక రోజు ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ తీసుకెళ్లాలని మావారి కోరిక. అయితే వాళ్లది సింగిల్ ఎంట్రీ షెంగెన్ వీసా. ఆస్ట్రియాలో అడుగుపెడితే ఆ ఒక్క ఎంట్రీ అయిపోతుందని, మళ్లీ జర్మనీలోకి రానివ్వరని మా వాట్సాప్ గ్రూపులో ఎవరో రాశారు. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, మామయ్యగారు గుడ్డు కూడా ముట్టరు. బాబుకు తొమ్మిదేళ్లు, పాపకు నాలుగేళ్లు. ఒక్క రోజులో వెళ్లి రాగలమా? కారా, రైలా? ఏం చూడాలి?
(ఒక పాఠకురాలు, మ్యూనిక్)

జవాబు: ముందు వీసా సంగతి చెబుతాను. ఆ భయం తీరితే మిగతావన్నీ తీరికగా మాట్లాడుకోవచ్చు.

మీ గ్రూపులో రాసింది తప్పు. ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలను షెంగెన్ దేశాలంటారు. సింగిల్ ఎంట్రీ అంటే ఆ దేశాలన్నిటికీ కలిపి ఉన్న బయటి గడప ఒక్కసారే దాటడం. మీ అత్తమామలు విమానం దిగి పాస్‌పోర్టు తనిఖీ చేయించుకున్న రోజునే ఆ గడప దాటేశారు. జర్మనీ నుంచి ఆస్ట్రియాకు వెళ్లడమంటే ఒకే ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లడం లాంటిది. దానికి ముద్ర ఉండదు, ఎంట్రీ ఖర్చు కాదు. వీసా స్టిక్కర్ మీద ఏయే దేశాలకు చెల్లుతుందో రాసే గడి ఒకటి ఉంటుంది. అక్కడ షెంగెన్ దేశాలన్నిటికీ అని ఉందో లేదో ఒకసారి చూసుకోండి. ఎప్పుడో అరుదుగా ఒక్క దేశానికే పరిమితం చేసి ఇస్తారు, అలా ఉంటే మాత్రం వెళ్లకూడదు. ఆస్ట్రియాలో గడిపిన రోజు కూడా వాళ్లకు ఇచ్చిన రోజుల లెక్కలోనే పడుతుంది. వీసా కోసం తీసుకున్న ముప్పై వేల యూరోల ఇన్సూరెన్సు షెంగెన్ అంతటా చెల్లేదే కాబట్టి దాని గురించీ బెంగ వద్దు. ఆ కాగితం మాత్రం సంచిలో పెట్టుకోండి.

ఇక పాస్‌పోర్టులు. ఒరిజినల్సే తీసుకెళ్లాలి. మీ ఆరుగురివీ, మీ నలుగురి రెసిడెన్స్ కార్డులతో సహా. ఇక్కడే పుట్టిన పిల్లలైనా సరే, వాళ్ల పాస్‌పోర్టు, వాళ్ల కార్డు ఉండాల్సిందే. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ తప్పు నేనే చేశాను.

2017 మే నెలలో మా అత్తమామలతో మేం మొదటిసారి సాల్జ్‌బర్గ్ వెళ్లాం. మా మామయ్యగారు బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి, కాగితాలంటే ఆయనకు ప్రాణం. పాస్‌పోర్టులు ఎక్కడైనా జారిపోతాయేమోనని సూట్‌కేసులో పెట్టి తాళం వేసి, జిరాక్సులు మడిచి జేబులో పెట్టుకున్నారు. నేను బయల్దేరే హడావిడిలో అడగలేదు. వెళ్లేటప్పుడు ఎవరూ ఏమీ అడగలేదు. తిరుగు ప్రయాణంలో జర్మనీ వైపు మొదటి స్టేషన్ ఫ్రైలాసింగ్‌లో రైలు ఆగి, పోలీసులు ఎక్కారు. శరణార్థులు పెద్ద సంఖ్యలో వచ్చిన 2015 సెప్టెంబరు నుంచి ఆ సరిహద్దులో ఈ తనిఖీలు నడుస్తున్నాయి. మామయ్యగారు జిరాక్సు ఇచ్చారు. వాళ్లు మర్యాదగానే మమ్మల్నందరినీ దింపారు. ఆయన వేలిముద్రలు తీసుకుని, వీసా వివరాలు కంప్యూటర్‌లో చూసుకుని, ఇకమీదట ఒరిజినల్ లేకుండా తిరగొద్దని చెప్పి పంపారు. మొత్తం రెండు గంటలు పట్టింది. అందులో ఎవరి తప్పూ లేదు, నాదే. కానీ ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి ఆ బల్ల మీద తల దించుకుని కూర్చున్న దృశ్యం నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆ రోజు చూసిన కోట, తోట ఏవీ ఆయనకు గుర్తులేవు, ఆ బల్లే గుర్తు. అందుకే అమ్మా, ఇంటి గుమ్మం దాటే ముందు పాస్‌పోర్టులు మీ చేత్తో లెక్కపెట్టి మీ హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకోండి. పెద్దవాళ్లను ‘పెట్టుకున్నారా?’ అని అడిగి ఊరుకోకండి. రైల్లో పోలీసులు అడగవచ్చని వాళ్లకు ముందే చెప్పండి, కంగారు పడరు.

కారు కంటే రైలే మంచిది. కారులో అయితే ఎ8 మోటార్‌వే మీద నేరుగా పోవచ్చు. ఆస్ట్రియా మోటార్‌వేలకు విన్యెట్ అనే రోడ్డు పన్ను స్టిక్కర్ కావాలి గానీ, వాల్సర్‌బెర్గ్ సరిహద్దు నుంచి సాల్జ్‌బర్గ్ నార్డ్ దాకా ఉన్న ముక్కకు 2019 డిసెంబరు నుంచి అది అక్కర్లేదు. అంతవరకు బాగానే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు ఆ సరిహద్దు దగ్గర కార్లు బారులు తీరి ఉంటాయి. ఆదివారం సాయంత్రం నాలుగేళ్ల పిల్లతో, మోకాళ్లు ముడుచుకుని కూర్చోలేని అత్తయ్యగారితో ఆ బారులో ఇరుక్కోవడం నరకం. రైల్లో అయితే ఆవిడ లేచి నాలుగడుగులు వేయొచ్చు, టాయిలెట్ ఉంటుంది, పులిహోర డబ్బా తెరుచుకోవచ్చు.

బయర్న్ టికెట్ అనే ఒకరోజు రైలు టికెట్ ఒకటి తీసుకోండి. అయిదుగురి దాకా ఒకే టికెట్ మీద వెళ్లవచ్చు, అది సాల్జ్‌బర్గ్ పెద్ద స్టేషన్ దాకా చెల్లుతుంది. మీరు పెద్దవాళ్లు నలుగురు, పెద్దబ్బాయి ఒకడు, అయిదుగురికీ సరిపోయింది. ఆరేళ్లు నిండని చిన్నదానికి టికెట్ లేదు. టికెట్ మీద ప్రయాణికుల పేర్లు రాయాలి, మర్చిపోకండి. పనిరోజుల్లో ఉదయం తొమ్మిది తర్వాతే చెల్లుతుంది, శని ఆదివారాల్లో ఆ అడ్డు లేదు. రీజనల్ రైళ్లకే పనికొస్తుంది, యూరోసిటీ, రైల్‌జెట్ లాంటి ఎక్స్‌ప్రెస్‌లు ఎక్కితే చెల్లదు. మీకూ మీవారికీ డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ పాస్ ఉంటే అదీ సాల్జ్‌బర్గ్ దాకా పనికొస్తుంది, అప్పుడు మిగిలినవాళ్లకే కొంటే చాలు. రీజనల్ రైలు రెండు గంటల లోపే చేరుస్తుంది. వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ దగ్గర అత్తయ్యగారిని కూర్చోబెట్టండి, రోజెన్‌హైమ్ దాటాక ఆల్ప్స్ కొండలు ఆ వైపే కనిపిస్తాయి. ప్రీన్ దాటాక ఎడమవైపు కీమ్‌జే సరస్సు వస్తుంది, పిల్లలను అటు పంపండి.

ఫ్రైలాసింగ్ దాటగానే ఒక చిన్న నది వస్తుంది, పేరు జాలాఖ్. అదే సరిహద్దు. ఆ వంతెన వచ్చినప్పుడు మామయ్యగారికి తప్పకుండా చూపించండి. నేను శ్రీకాకుళం జిల్లా మనిషిని. చిన్నప్పుడు పట్టుచీరలు కొనడానికి మా అమ్మ బరంపురం తీసుకెళ్లేది. ఇచ్ఛాపురం దాటాక స్టేషన్ బోర్డు మీద అక్షరాలు తెలుగు నుంచి ఒడియాకు మారుతుంటే కిటికీకి అతుక్కుపోయి చూసేదాన్ని. ఇక్కడ అదీ ఉండదు. అక్షరాలు అవే, భాషా జర్మనే, డబ్బూ యూరోలే. ఎవరైనా చెప్పకపోతే దేశం మారిన సంగతే తెలీదు. 1810 నుంచి 1816 దాకా ఈ సాల్జ్‌బర్గ్ మన మ్యూనిక్ ఉన్న బవేరియాలోనే ఉండేది. అంతకు ముందు కొన్ని వందల ఏళ్లు ఆర్చిబిషప్పులే రాజులుగా ఏలిన సొంత రాజ్యం. ఆస్ట్రియా చేతికి స్థిరంగా వచ్చింది 1816లోనే.

ఊళ్లో ఏం చూడాలంటే, తక్కువ చూడండి. అక్కడ మ్యూజియంలకు కొదవ లేదు, అన్నీ తిప్పితే సాయంత్రానికి ఇంటిల్లిపాదీ విసిగిపోతారు. మీ ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచేది అత్తయ్యగారు కాబట్టి, ఆ రోజు నడక ఆవిడది కావాలి.

స్టేషన్ నుంచి మిరాబెల్ తోటకు పావుగంట నడక, బస్సు కూడా ఉంది. బస్సే ఎక్కండి. 1606లో వుల్ఫ్ డీట్రిఖ్ అనే ఆర్చిబిషప్, తను పెళ్లాడలేకపోయిన సలోమే ఆల్ట్ అనే ఆవిడ కోసం కట్టించిన భవనం అది. పెళ్లి కాకపోయినా వాళ్లు భార్యాభర్తల్లాగే బతికారు, పిల్లల్నీ కన్నారు. తోటలో ఒక మూల పాలరాతి మరుగుజ్జు బొమ్మలు ఉంటాయి. మా అమ్మాయి చిన్నప్పుడు ఒక్కో బొమ్మ ముందూ నిలబడి దానిలాగే మొహం పెట్టింది, అరగంట అక్కడే అయిపోయింది. మీ చిన్నదీ కదలదు. కదిలించకండి. బెంచీలు బోలెడు, భోజనం అక్కడే కానివ్వండి.

భోజనమంటే ఇంటి నుంచే. పులిహోర, చపాతీలు, బంగాళాదుంప వేపుడు, చిన్న డబ్బాలో పెరుగన్నం. సరిహద్దులో తిండి గురించి ఎవరూ అడగరు. మామయ్యగారు గుడ్డు తినరన్నారు కాబట్టి జాగ్రత్త. అక్కడ శాకాహారమని పెట్టే కేజ్‌ష్పెట్స్‌లే చీజ్‌తో కమ్మగా ఉంటుంది గానీ అందులో గుడ్డుంటుంది. సాల్జ్‌బర్గర్ నాకెర్ల్ అనే తీపి అయితే మొత్తం గుడ్డు నురగే. ఆయనకు కోట కింద సెయింట్ పీటర్ మఠం దగ్గరున్న పాత రొట్టెల బట్టీ చూపించండి. పక్కనే కాలవ నీటితో తిరిగే చక్రం, లోపల కట్టెల పొయ్యి. పులిసిన పిండితో చేసిన నల్ల రొట్టె వేడివేడిగా ఇస్తారు. ఆదివారం మూసి ఉంటుంది, అందుకే వీలైతే శనివారం వెళ్లండి.

తోట నుంచి జాల్జాఖ్ నది మీద కాలినడక వంతెన దాటితే పాత ఊరు. 1996 నుంచి అది యునెస్కో జాబితాలో ఉంది. గెట్రైడెగాసె అనే ఇరుకు వీధిలో తొమ్మిదో నంబరు పసుపుపచ్చ ఇల్లు, 1756 జనవరి 27న సంగీతకారుడు మోజార్ట్ పుట్టింది అక్కడే. ఇల్లు పై అంతస్తుల్లో ఉంది, మెట్లెక్కాలి. అత్తయ్యగారిని ఎక్కించవద్దు, బయటి నుంచి చూస్తే చాలు. మావారికి సంగీతం పిచ్చి, ఆయన పైకి వెళ్లి వచ్చేదాకా మేం వీధిలో ఇనుప బోర్డులు చూస్తూ నిలబడ్డాం. చదువు రానివాళ్లకు కూడా ఏ దుకాణమో తెలియాలని ఒకప్పుడు ఆ బోర్డుల్లో తాళంచెవులు, చెప్పులు, గొడుగులు చేసి వేలాడదీసేవారు. మోజార్ట్ పేరుతో అమ్మే గుండ్రటి చాక్లెట్లను 1890లో పాల్ ఫూర్స్ట్ అనే మిఠాయి దుకాణదారు కనిపెట్టాడు. ఎర్రటి బంగారు కాగితంలోవి ఫ్యాక్టరీవి, వెండి నీలం కాగితంలోవి ఆ దుకాణం వాళ్లు ఇప్పటికీ చేత్తో చేసేవి. కాకినాడ పట్టుకెళ్లడానికి ఏవైనా పర్లేదు, మీరు తినడానికి మాత్రం రెండోవి కొనుక్కోండి.

ఆ తర్వాత పెద్ద చర్చి వెనక కాపిటెల్ ప్లాట్స్ అనే మైదానం. నేల మీద పెద్ద చదరంగం, పిల్లల నడుము దాకా వచ్చే పావులు. పక్కన బంగారు రంగు గోళం మీద నిలబడ్డ మనిషి బొమ్మ. మీ పెద్దబ్బాయిని, మామయ్యగారిని అక్కడ ఆటకు వదిలేయండి. ఎదురుగా కొండ మీద కోట, 1077లో మొదలుపెట్టింది. పైకి నడవక్కర్లేదు, కొండవాలు మీద తాళ్లతో లాగే రైలు 1892 నుంచి ఉంది, ఒక్క నిమిషంలో చేరుస్తుంది. పైన రాళ్లు పరిచిన ఎత్తుపల్లాల నేల. దిగగానే ఊరంతా కనిపించే చోట అత్తయ్యగారికి ఒక కుర్చీ వెతికి పెట్టి, మీవారూ పిల్లలూ మిగతా కోట చూసి రావచ్చు. ఆవిడ దగ్గర మీరు కూర్చోండి. మా అత్తయ్యగారు రెండోసారి వచ్చినప్పుడు నేను అలా కూర్చున్నాను. తన పెళ్లయిన కొత్తలో మామయ్యగారు సింహాచలం మెట్లు ఎక్కిస్తూ దారి పొడుగునా చేయి పట్టుకున్నారని, అది చూసి వాళ్ల అత్తగారు కోప్పడ్డారని చెప్పింది. అంతకు ముందు పదకొండేళ్లలో ఆవిడ నాతో అంత సేపు మాట్లాడలేదు.

గొడుగులు తీసుకెళ్లండి. అక్కడ సన్నటి వాన ఒకటి గంటల తరబడి ఆగకుండా పడుతుంది. దారాలు దిగినట్టు ఉంటుందని దానికి వాళ్లు ష్నూర్ల్‌రేగెన్ అని పేరే పెట్టుకున్నారు. అయిదున్నరకల్లా తిరుగు రైలు ఎక్కితే పిల్లలు నిద్రకు ఆగలేకపోయే లోపు ఇంట్లో ఉంటారు.

ప్రశ్న: మేడమ్, నేను రేగెన్స్‌బర్గ్‌లో ఎంఎస్ చేస్తున్నాను. నా రెసిడెన్స్ కార్డు గడువు అయిపోయింది, రెన్యువల్‌కి పెట్టాను. ప్రస్తుతానికి ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ అనే తాత్కాలిక కాగితం ఇచ్చారు. ఫ్రెండ్స్ అందరూ సాల్జ్‌బర్గ్ వెళ్తున్నారు. నేనూ వెళ్లొచ్చా?
(ఒక విద్యార్థి)

జవాబు: బాబూ, ఆ కాగితంలో మూడు గడులు ఉంటాయి. అందులో దేనికి టిక్ పెట్టారన్న దాన్ని బట్టి నీ హక్కులు మారతాయి. ఫ్రెండ్స్‌ని కాకుండా, నీకు కార్డు ఇచ్చే విదేశీయుల ఆఫీసు ఆస్‌లెండర్‌బెహోర్డెకే ఆ కాగితం ఫొటో జత చేసి మెయిల్ పెట్టు, దీని మీద ఆస్ట్రియా వెళ్లి రావచ్చా అని స్పష్టంగా అడుగు. జవాబు రాతపూర్వకంగా వస్తే ప్రింటు తీసుకుని వెళ్లు. రాకపోతే ఆగు. నా తమ్ముడివైనా ఇదే చెప్పేదాన్ని. ఒక శనివారం సరదా కోసం రెండేళ్ల చదువును పణంగా పెట్టకూడదు. కార్డు చేతికొచ్చేదాకా బవేరియాలోనే బెర్ఖ్‌టెస్‌గాడెన్ వెళ్లు, కొండలు అవే.

ప్రశ్న: మేం ఆగ్స్‌బర్గ్‌లో ఉంటాం. సాల్జ్‌బర్గ్ రెండుసార్లు చూశాం. చర్చిలు, కోటలు అంటే మా పిల్లలు (పదేళ్లు, ఏడేళ్లు) మొహం చిట్లిస్తున్నారు. మా నాన్నగారు వచ్చే నెల వస్తున్నారు. ఆ పక్కనే ముగ్గురికీ నచ్చేది ఏమైనా ఉందా?
(ఒక పాఠకుడు, ఆగ్స్‌బర్గ్)

జవాబు: ఉందండీ. నాకు ఆ చుట్టుపక్కల అన్నిటికంటే ఇష్టమైన చోటు, హల్లైన్ పైన బాడ్ డ్యూర్న్‌బెర్గ్‌లో ఉన్న ఉప్పు గని. సాల్జ్ అంటే ఉప్పు, బుర్గ్ అంటే కోట. ఆ ఊరికి పేరూ, ఆ ఆర్చిబిషప్పులకు సంపదా ఈ ఉప్పు పెట్టినవే. క్రీస్తుకు పూర్వమే కెల్టు జనం అక్కడ ఉప్పు తవ్వారు. 1989లో తవ్వకం ఆపేశారు, ఇప్పుడు చూడ్డానికి తెరిచారు. సాల్జ్‌బర్గ్ నుంచి హల్లైన్‌కు లోకల్ రైలు, అక్కడి నుంచి బస్సు. బయర్న్ టికెట్ సాల్జ్‌బర్గ్‌తో సరి, ఆ తర్వాతి టికెట్ విడిగా కొనాలి. నాలుగేళ్లు నిండని పిల్లలను లోపలికి రానివ్వరు, మీకు ఆ ఇబ్బంది లేదు. లోపల చలి పది డిగ్రీల దాకా ఉంటుంది, నాన్నగారికి స్వెటర్ మర్చిపోకండి. అందరికీ తెల్లటి పైదుస్తులు ఇస్తారు. చిన్న బండి మీద కూర్చోబెట్టి కొండ లోపలికి తీసుకెళ్తారు. పాత పనివాళ్లు దిగినట్టే నున్నటి కొయ్యల మీద కూర్చుని జారాలి, భయమనిపిస్తే పక్కన మెట్లున్నాయి. చీకట్లో ఉప్పునీటి చెరువు మీద పడవ కూడా ఉంది.

ఆ సొరంగంలో ఒక చోట బోర్డు కనిపిస్తుంది. అక్కడి నుంచి పైన ఉన్న నేల జర్మనీ. అంటే కొండ కింద నడుస్తూనే సరిహద్దు దాటేస్తాం, మళ్లీ ఆస్ట్రియాలోకి వచ్చేస్తాం, పాస్‌పోర్టు అడిగేవాళ్లు ఉండరు. దీనికి 1829లో బవేరియాకూ ఆస్ట్రియాకూ కుదిరిన ఒప్పందం ఉంది, ఇప్పటికీ అమల్లోనే ఉంది. ఆస్ట్రియా వాళ్లు బవేరియా నేల కింద ఉప్పు తీసుకోవచ్చు, బదులుగా ఆస్ట్రియాలోని కొన్ని అడవుల కలప బవేరియాకు.

ఉప్పుకు బదులు కలప ఏమిటా అని నాకు అర్థం కాలేదు. మా నాన్న చెప్పాడు. ఆయన నౌపడ ఉప్పు కొఠార్లలో ముప్పై నాలుగేళ్లు పనిచేశాడు. 2019లో మా దగ్గరికి వచ్చినప్పుడు ఈ గనికి తీసుకెళ్లాను. గైడు జర్మన్‌లో చెబుతుంటే నేను తెలుగులో చెబుతున్నాను: కొండలోకి మంచినీళ్లు వదిలేవారు, ఉప్పు కరిగేది, ఆ నీళ్లు గొట్టాల్లో కిందికి తెచ్చి పెద్ద మూకుళ్లలో మరిగించేవారు. నాన్న వెంటనే అన్నాడు: ‘మనకి మళ్లలో నీళ్లు కట్టి వదిలేస్తే ఎండే ఉప్పు చేసి పెడుతుంది. వీళ్లకి ఎండేదమ్మా? కట్టెలే దిక్కు. అడివి లేనోడికి ఉప్పు లేదన్నమాట.’ ఆ ముక్క గైడుకు జర్మన్‌లో చెప్పాను. ఆయన ఆగి, నాన్న ఏం పని చేసేవారని అడిగాడు. చెప్పాను. మా గుంపులో ఇరవై మంది ఉన్నారు, గైడు వాళ్లందరికీ నాన్నను చూపించి, ఈయన సముద్రం ఒడ్డున ఉప్పు పండించిన మనిషి అని పరిచయం చేశాడు. అరికాళ్లు ఉప్పుకు బీటలు వారిన మా నాన్న, ఆ తెల్ల దుస్తుల్లో, చేతులు కట్టుకుని నిటారుగా నిలబడ్డాడు.

తర్వాత గోడ మీద వేలు రాసి నాలిక మీద పెట్టుకున్నాడు. కాసేపు చప్పరించి, ‘ఇది ఎండెరగని ఉప్పు’ అన్నాడు.

బయటి దుకాణంలో ఒక చిన్న పొట్లం కొనిపించుకుని, నౌపడ తీసుకెళ్లి, తనతో పనిచేసిన వాళ్లందరికీ తలా కాస్త రుచి చూపించాడట. మిగిలింది మా అమ్మ వంటింట్లో ఆవకాయ జాడీ పక్కన ఉంది. ఇప్పటికీ కూరలో వేయనివ్వడు.